ముళ్ళకాళ్ళ నల్లపురుగు

వేరుశనగ కాయకు ఎక్కడా చిల్లు లేదు. పెంకు చెక్కు చెదరలేదు. లోపలి గింజ మాత్రం ముడుచుకొని, మచ్చలు పడి, నాలుకకు తగిలితే చేదుగా ఉన్నది. 1937 అక్టోబరులో అమీర్‌పేట చేలలో ఓదెలు అనే రైతు పీకిన మొక్కలన్నింటిదీ ఇదే వరుస. తలుపు తీయకుండా ఇల్లు దోచిన ఈ దొంగ ఎవరని చుట్టుపక్కలవారు నాలుగు రోజులు తర్కించి, ఐదవనాడు చిలకమ్మ పేరు చెప్పారు. చిలకమ్మ భర్త పోయిన మనిషి. రెండేళ్ళ క్రితం ఓదెలు చేను పక్కన గుడిసె వేసుకొని, కూరగాయలు పండించుకొంటూ ఒంటరిగా బతుకుతున్నది. ఆమె బాణామతి మంత్రం వేసి పంట చెరిచిందన్నారు.

ఈ సంగతులేవీ శివరాములు చెవిన పడలేదు. ఆయన పంజాగుట్టలోని ఒక వ్యవసాయ కార్యాలయంలో చిత్రకారుడు. తాతతండ్రులు మగ్గం మీద చీర అంచులకు పూలు దించినవారు. ఆయన మెట్రిక్యులేషను ప్యాసై, భూతద్దం కింది పురుగుల కాళ్ళూ మీసాలూ లెక్క తప్పకుండా కాగితం మీదికి దించే ఉద్యోగం సంపాదించాడు. అమీర్‌పేటలో తాను అద్దెకుంటున్న కాంతవ్వ ఇంటి పెరట్లో, పల్లిమొక్కల వేళ్ళ దగ్గర వారం క్రితం తానే పట్టి తెచ్చిన పురుగు ఆనాడు ఆయన బల్ల మీద ఉన్నది.

కందిగింజంత పురుగు. వార్నిషు పూసినట్లు నిగనిగలాడే నల్లని, ఉబ్బెత్తు వీపు. దాని నడుమ ముక్కోణపు డాలు. ముందుకాళ్ళు పారల్లాగా చదునై, అంచున దువ్వెన పళ్ళలాగా ముళ్ళు తేలి ఉన్నాయి. వెనుకకాళ్ళ నిండా బిరుసైన ముళ్ళే. సూది వంటి మూతిని వాడనప్పుడు పొట్ట కిందికి మడిచి దాచుకొంటుంది. ఆ సూదితోనే పెంకును పొడిచి గింజ రసం పీల్చుకొంటుందనీ, ఆ పోటు కంటికి ఆనదనీ తేల్చుకొన్ననాడు శివరాములు గర్వంతో భోజనం మరచిపోయాడు. పటం పూర్తయింది. కాగితం అంచున ఇంగ్లీషులో నలభై రెట్లు అని వ్రాసి ఆయన కుంచె కడుగుతుండగా, కాంతవ్వ రొప్పుతూ కార్యాలయం లోపలికి వచ్చింది.

"కొడుకా, జల్ది లెవ్వు! చిలకమ్మ పండ్లు పీకుతరట!"

"ఎవరు? పండ్లు పీకుడేంది అవ్వా?"

"ఓదెలు. కమ్మరి సారయ్యను పటకారుతోని పిలిపిచ్చిండు. పండ్లూడితే మంత్రం నోట్లె తిరగదట. మన పెరట్ల నువ్వొక పురుగును వట్టినవు గద, గదే గావచ్చు. వచ్చి జర చెప్పు. నీ మాటైతే ఇంటరు."

శివరాములు నిర్ఘాంతపోయాడు. కార్లు తిరిగే, కరెంటు దీపాలు వెలిగే నగరానికి కూతవేటు దూరంలో ఇటువంటి పని జరుగుతుందని ఎవరైనా చెబితే ఆయన నిన్నటిదాకా నమ్మి ఉండేవాడు కాడు. పటం చుట్టి చంకన పెట్టుకొని, మట్టితో ఆ పురుగును ఉంచిన సీసా జేబులో వేసుకొని, కాంతవ్వను వెనుక వదిలి పరుగెత్తాడు.

చేను గట్టున ముప్పై మంది దాకా ఉన్నారు. చిలకమ్మను బండి చక్రానికి కట్టివేశారు. కొంగు జారినా సర్దుకోవడానికి ఆమెకు చేతులు ఆడవు. ఎదుట సారయ్య పటకారు పట్టుకొని, ఎవరి మొహమూ చూడలేక నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఆగుండ్రి!" అని శివరాములు అరిచాడు. "ఓదెలన్నా, ఇది మంత్రం గాదు, పురుగు. మట్టిల ఉంటది కాబట్టి మీకు కనవడలే. ఇగో, నా చేత్తోని గీసిన."

పటం విప్పి అందరికీ కనబడేటట్లు ఎత్తి పట్టుకొన్నాడు. ముందున్న వరుస నాలుగడుగులు వెనక్కి తగ్గింది. ఒక ఆడమనిషి కెవ్వుమన్నది. కాగితం మీద జానెడు పొడవున, నల్లగా, ముళ్ళకాళ్ళు చాచుకొని ఉన్నది ఆ పురుగు. అంచున ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదవగలవాడు ఆ గుంపులో శివరాములు ఒక్కడే.

"అమ్మో! గింతదా? మన కాళ్ళ కిందనా?"

"గది పురుగెట్లయితది? దయ్యం!" అన్నాడు ఓదెలు. "ఇంటివా సారయ్యా? గీమెనే తోలింది నా చేన్లకు. సారే సాచ్చెం దెచ్చిండు. ఇగ పట్టు!"

సారయ్య ఎడమచేత్తో చిలకమ్మ గదుమ పట్టుకొన్నాడు.

తాను తెచ్చిన సత్యమే ఆమె నోటి మీదికి పటకారును నడిపిస్తున్నదని శివరాములుకు అర్థమైంది. మారు మాట కోసం వెదకలేదు. సీసా మూత పీకి, మట్టితో సహా పురుగును ఓదెలు అరచేతిలో కుమ్మరించి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో మూసి పట్టాడు.

"ఇగో నీ దయ్యం! గింతే ఉంటది. బొమ్మ పెద్దగ గీసిన, తప్పు నాది!"

ఓదెలు విడిపించుకోబోయి ఆగాడు. కందిగింజంత ప్రాణి ముళ్ళకాళ్ళతో ఆయన వేళ్ళ సందులను తవ్వుతున్నది. "అబ్బ! గుచ్చుతుంది. గింత బలమేంది దీనికి?" అంటూ వేళ్ళు సడలించేసరికి, నలిగిన పురుగు నుంచి వాసన గుప్పుమన్నది. ఓదెలు అరచేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకొన్నాడు. మరొకసారి వాసన చూశాడు.

"గీ వాసన నాకెర్క. ఇత్తనం వెట్టెటప్పుడు నాగలి దిగితె చాలు, గుప్పుమని లేస్తది. మా నాయిన దున్నేటప్పుడు సుత గిట్లనే లేస్తుండె."

"మీ నాయిన పోయి ఎన్నేండ్లాయె?" అన్నాడు శివరాములు.

"ఆరేండ్లు."

"చిలకమ్మ ఈడికి వచ్చి?"

"రెండేండ్లు" అని గుంపులో ఎవరో అన్నారు. సారయ్య చిలకమ్మ గదుమ వదిలేసి, నిప్పు అంటుకొన్నట్లు చేయి వెనక్కి లాక్కొన్నాడు. గడ్డపార తెచ్చి ఇద్దరు మొక్కల మొదళ్ళు తవ్వారు. మూరెడు లోతులో నల్లని వీపులు మెరిసి, చూస్తుండగానే మళ్ళీ మట్టిలో మునిగిపోయాయి. అందరూ ఆ గుంత చుట్టూ మూగారు. బండి దగ్గర ఎవరూ మిగలలేదు.

"సారూ, దీనికేమన్న మందున్నదా మీ దఫ్తర్ల?" అని అడిగాడు ఓదెలు, గుంతలోంచి తల ఎత్తకుండానే.

శివరాములు విస్తుపోయి ఆయనను చూశాడు. ఆ కంఠంలో సిగ్గు లేదు, పశ్చాత్తాపం లేదు; పంట మీద బెంగ మాత్రమే ఉన్నది. "ముందుగాల గామె కట్లిప్పు" అన్నాడు. ఎవరూ కదలలేదు. తానే వెళ్ళి ముడులు విప్పాడు.

చిలకమ్మ కొంగు సర్దుకొన్నది. దవడ తడుముకొన్నది. గుంత చుట్టూ వంగి ఉన్న వీపులను చూసి, ఆయన వైపు తిరిగింది.

"బిడ్డా, గా పురుగు దొరక్కపోతే, నేను చేసినట్టేనా?"

ఇంగ్లీషు చదువుకొన్న శివరాములు తల వంచుకొని, విప్పిన తాడును చుట్టసాగాడు. ఆమె గుడిసెలోకి వెళ్ళి తడిక వేసుకొన్నది. పట్టపగలు, లోపల తాడుతో దాన్ని బిగించి కట్టుకొంటున్న చప్పుడు ఆయనకు బయటికి వినిపించింది.