పొద్దుటి ఫోటో

లెన్సుల సంగతిలో కుమాసీ నగరం మొత్తానికీ తనంత తెలిసినవాళ్ళు లేరని డుఫీకి గట్టి నమ్మకం. చర్చి సభలూ కాలేజీ ఉపన్యాసాలూ వందదాకా తీసింది మరి. అందుకే మేనమామ ఆచంపాంగ్ తన పాత జూమ్ లెన్సూ ఫ్లాషూ బల్లమీద పెడితే వాటివైపు కన్నెత్తి చూడలేదు.

“ఇవి పట్టుకెళ్ళు. ఆ హాలుకి నాలుగే కిటికీలు. వేదిక మీద మొహాలన్నీ తేటగా రావాలి,” అన్నాడు.

మోకాళ్ళ నొప్పితో అతను కదల్లేకపోయాడు కానీ, లేకపోతే ఈ పని ఎవరికీ వదిలేవాడు కాదు. రాజమాత నానా బిరాగోకి ఫోటోలంటే గిట్టదు. గద్దెనెక్కిన రోజు తీసిన నల్లజుట్టు ఫోటో ఒక్కటే ఉంది. ఇప్పుడు, ఎనభై రెండో ఏట, ప్రసూతి ఆసుపత్రి కోసం సభ పెట్టి, ఫోటోలు తియ్యమని తనే కబురు పంపింది.

“మామయ్యా, నీ ఫ్లాష్ కొడితే ముసలమ్మలు కుర్చీల్లోంచి జారిపడతారు. ఈ ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు చూడు. మసక వెలుతుర్లో కూడా మాట్లాడేవాళ్ళ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనకాలున్న చెత్తంతా మసకలో కరిగిపోతుంది.”

“ఏది చెత్తో ఆ లెన్సుకేం తెలుసు?”

“నాకు తెలుసుగా,” అని డుఫీ సంచి భుజాన వేసుకుంది.

పొద్దున్నే వెళ్ళేసరికి హాల్లో ఇంకా కుర్చీలు సర్దుతున్నారు. వేదిక తెర పక్కన నానా బిరాగో ఒక్కతే కూర్చుని, కాగితం పొట్లంలోంచి కాల్చిన అరటికాయా పల్లీలూ తింటోంది. వెలుతురు ఎలా పడుతుందో చూద్దామని డుఫీ అటే గురిపెట్టి ఒకటి తీసింది. చప్పుడుకి నానా తలెత్తి నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందు, కళ్ళ చుట్టూ ముడతలు, పెదవికి అంటుకున్న పల్లీపొట్టు, అన్నీ కెమెరా తెరమీద స్పష్టంగా కనిపించాయి.

అంతలో ఒచామే బెడియాకో తన పదవికి గుర్తయిన కర్ర తాటించుకుంటూ వచ్చాడు. రాజమాత జనంతో నేరుగా మాట్లాడదు. ఆవిడ మెల్లగా చెప్పింది గొంతెత్తి వినిపించడం ముప్పై ఏళ్ళుగా ఒచామేగా అతని పని.

“ఏం తీశావమ్మాయ్?”

“లైటు చూసుకుంటున్నా తాతా.”

“నానా తింటుంటే చూడకూడదని మీ ఇంట్లో నేర్పలేదా? పైగా ఫోటోనా? తుడిచెయ్యి. నా కళ్ళముందే.”

డుఫీ లెంపలేసుకున్నంత పని చేసింది. ఆ సంగతి ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

“పోనీలే బెడియాకో, బాగానే నవ్వాను,” అంది నానా.

అతను వినిపించుకోలేదు. డుఫీ బొటనవేలితో మీట నొక్కింది. ఫోటో పోయింది.

సభ మొదలవగానే బెడియాకో, ఫోటోలమ్మాయి ఉంది, ఎవరి ఫోన్లు వాళ్ళు లోపల పెట్టుకోండని అందరికీ చెప్పాడు. నానా కుర్చీలోంచి పెదవులు కదిపితే, నాలుగడుగుల ముందు మైకు దగ్గర నిలబడి అతను ఆ మాటలు వినిపించాడు. చర్చిల్లో పడిన అలవాటు డుఫీ చేతిని వదల్లేదు. మైకు ఎక్కడుంటే ఫోకస్ అక్కడే. కార్డు నిండేదాకా ఆరువందల పదకొండు తీసింది. తృప్తిగా ఇంటికెళ్ళింది, అంతా బాగానే వచ్చుంటుందని మళ్ళీ తెరిచి చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బెడియాకో మేనమామ స్టూడియోకి వచ్చాడు. చేతిలో కర్ర లేదు.

“నానా పల్లెకి వెళ్ళారు,” అన్నాడు మెల్లగా.

రాజమాత చనిపోయిందని ఎవరూ అనరు, అలాగే అంటారు. మొన్న పొట్టు ఊదుకుంటూ పల్లీలు తిన్న మనిషి.

“ఊళ్ళో ఇంకా చెప్పలేదు. చెప్పేలోపు ఫోటో ఒకటి కావాలి. పెద్దది.”

కంప్యూటర్లో మొదటి ఫోటో తెరుచుకుంది. బెడియాకో గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనకాల తెల్లటి మసక. రెండోదీ అంతే. నూరోదీ అంతే. డుఫీ గబగబా చివరిదాకా తిప్పింది. ఆచంపాంగ్ కుర్చీ పట్టుకుని వెనక నిలబడి చూస్తున్నాడు.

“అన్నింట్లో నేనే ఉన్నానేంటమ్మా? నానా ఏరి?”

డుఫీ ఆ మసక మీద వేలు పెట్టింది.

“మాటలు ఎవరివనుకున్నావు?” అన్నాడు బెడియాకో. కోపంగా కూడా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

మాటలు నానావేనని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసిన సంగతి, లెన్సు చేతికొచ్చేసరికి ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు.

అంతలో బెడియాకో మొహం వెలిగింది. “ఆ పొద్దుటిది చూపించు. నవ్వారే, అది. అరటికాయ పట్టుకున్న చెయ్యి ఫోటోలోంచి కోసేద్దాం. ఎవరికీ తెలియదు.”

“తుడిచేశాను తాతా. మీ కళ్ళముందేగా.”

“కార్డులోంచి వెనక్కి రాదా?” అని అడిగాడు ఆచంపాంగ్.

“నిండేదాకా తీశాను మామయ్యా. ఆ చోట్లోనే ఇవన్నీ పడ్డాయి.”

బెడియాకో కుడిచెయ్యి పక్కన లేని కర్ర కోసం తడిమింది. అతను వంగి తెరమీద తన మొహాన్నే చూశాడు.

“నన్ను కోసెయ్యి,” అన్నాడు చివరికి.

డుఫీ కోసేసింది. నానా తెల్లబట్టా, దానిపైన మొహం ఉండాల్సినచోట నల్లటి మరకా మిగిలాయి. బెడియాకో కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్ళు చికిలించాడు.

“కొంచెం పెద్దది చెయ్యమ్మా.”

చేసింది. పెద్దది చేసినకొద్దీ నానా ఇంకా చెదిరిపోయింది.