ఎల్లారెడ్డి జెండాను గుంజి నిలిపిన రోజు

ఎల్లారెడ్డి ఊళ్లో తహసీల్దార్ ఆఫీసు మీద జెండా ఎక్కించడమంటే మామూలు పనా! అటెండర్ పోచన్న పొద్దున్నే కాళ్లు కడుక్కొని, మీసం దువ్వుకొని తాడు గుంజితే, ఆ రెపరెపకు ఎక్కడో మహారాష్ట్ర సరిహద్దున మద్నూర్‌లో మరాఠీ కోళ్లు సైతం లేచి కూస్తాయి. చాయ్ హోటల్ దగ్గర మొదటి గుక్కకు ముందు అందరూ ఒకసారి జెండా వైపు చూస్తారు. పైన ఉంటే ఊరు క్షేమం.

పెద్ద నాయకుడెవరైనా పోతే హైదరాబాద్ నుంచి ఆర్డర్ వస్తుంది. అప్పుడు జెండాను కొసదాకా ఎక్కించి, ఒక్క క్షణం ఆపి, సగానికి దించాలి. అది సర్కారు పద్ధతి. ఎల్లారెడ్డి జెండాకు ఇంకో సొంత పద్ధతి కూడా ఉంది. ఊరికి నిజంగా పనికొచ్చిన మనిషి పోతుంటే అది ఆర్డర్ కోసం ఆగదు, తనంతట తానే దిగుతుంది. సగానికి చేరిందంటే ఊపిరి ఆగినట్టే. బడిపిల్లలకు వండిపెట్టిన అంజవ్వకు అట్లాగే దిగింది. మంత్రులతో ఫోటోలు దిగిన వడ్డీ వ్యాపారికి మాత్రం, కొడుకులు స్తంభానికి గజమాల వేసినా, వేలెడు కూడా దిగలేదు.

మొన్న ఎండాకాలం, పట్టపగలు, చాయ్ గిలాసలు సగంలో ఉండగా జెండా జారడం మొదలుపెట్టింది.

తహసీల్దార్ అనిల మేడం బయటికొచ్చి ఆర్డర్ ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు పోచన్న. ఇంకేముంది, బజారంతా ఫోన్లు! ఎవరివాళ్లకు వాళ్లు చేసుకున్నారు. అందరూ పలికారు, మోటార్ మెకానిక్ రహమాన్ ఒక్కడు తప్ప.

రహమాన్ అంటే ఎవరనుకున్నారు? బీర్కూర్‌లో మోటారు దగ్గితే ఎల్లారెడ్డిలో కూర్చొని జబ్బు పేరు చెప్పే మొనగాడు. ఆయన చెయ్యి పడకపోతే సగం మండలం వరి ఎండిపోతుంది. పొద్దున తాడ్వాయి దగ్గర మోటారు బాగుచేయడానికి ఒక పాత బావిలోకి ఒక్కడే దిగాడు. తమ్ముడు కలీమ్ బండి తీసి అటు ఉరికించాడు. ఆ దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది.

రహమాన్ భార్య షంషున్నీసా కుట్టుమిషన్ మీది బట్ట అట్లాగే వదిలి పరుగెత్తుకొచ్చింది. జెండా సగానికి ఇంకా రెండు మూరలే. పోచన్న తాడు చేతికి చుట్టుకొని వేలాడుతున్నా అది దిగుతూనే ఉంది.

ఆమె తలెత్తి జెండాను కోపంగా చూసింది. "నా మొగడు నిఖా నాడు గూడ టైముకు రాలే. పోనీకి మాత్రం గింత తొందరేంది? పోచన్నా, జర జరుగు."

తాడు పట్టింది. ఆమె వెనక హోటల్ భీమేష్ పట్టాడు. అనిల మేడం చెప్పులు విడిచి పట్టింది. కామారెడ్డి బస్సు ఆగిపోయి, డ్రైవర్‌తో సహా అందరూ దిగి పట్టారు. గుంజితే ఆకాశం ఒక పక్కకు ఒరిగిందంటే ఒరిగింది మరి! జెండా ఆగింది. వణికింది. జానెడు, ఇంకో జానెడు, ఎక్కి ఎక్కి కొసకు తగిలింది. అయినా ఎవరూ తాడు వదల్లేదు.

కలీమ్ ఫోన్ వచ్చినప్పుడు కూడా ఆమె వదల్లేదు. భీమేష్ ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. బావి మెట్టు విరిగి, కాలు పైపుల నడుమ ఇరికి, ఊటనీళ్లు అన్న గొంతుదాకా వచ్చాయట. కలీమ్ పోయేసరికి మాత్రం అన్న గట్టుమీద కూర్చొని తడిసిన బీడీలు ఎండబెట్టుకుంటున్నాడట. చుట్టుపక్కల నరపురుగు లేదు.

తర్వాత రహమాన్ గొంతు వినిపించింది. "ఎవరే గట్ల గుంజింది? జర మెల్లగ గుంజరాదా? సంకలు కమిలినయ్."

బజారు ఎగిరి గంతేసింది.

పొద్దు గూకే ముందు జెండా దించాలి, అది రోజూ ఉన్నదే. ఆ సాయంత్రం పోచన్నకు చెయ్యి రాలేదు. ముందు రహమాన్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, జెండా దించుత. ఏడున్నవ్?"

"ఇంట్ల. మంచం మీద కూసొని తింటున్న."

"మంచం పట్టె గట్టిగ పట్టుకో."

షంషున్నీసా భర్త వెనక నిలబడి రెండు భుజాలూ అదిమి పట్టింది. అక్కడ పోచన్న పసిబిడ్డను దించినట్టు జెండాను చేతుల్లోకి దించుకున్నాడు. ఇక్కడ మంచం ఒక్కసారి కిర్రుమంది. అంతే.

కూరలో ఉప్పు తక్కువైందన్నాడు రహమాన్. అప్పుడు ఏడ్చింది షంషున్నీసా.