ఫ్యాను ఆగితే

"నువ్వే ఎనుక అద్దం దించినట్టున్నవ్, అందుకే సల్లగయితలేదు" అన్నాడు మా బావ, అంటే నా మొగుడు.

నేను దించలేదు. ఒళ్లో టిఫిన్ల సంచి, కాళ్ల దగ్గర నీళ్ల డబ్బా, పక్కన అత్తమ్మ మందుల కవరు. అద్దం దించడానికి నాకు మూడో చెయ్యి ఎక్కడిది? మా కారులో ముందు సీటు అత్తమ్మది. వెనక సీటుకు వేరే గాలి రాదు. ముందున్న ఇద్దరికీ సరిపోయాక మిగిలిన చల్లదనమే నాకు వస్తుంది, ఇంట్లో కూరలాగే. అందుకేనేమో, ఏసీ పనిచేయడం లేదన్న సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది.

గోదావరిఖని నుంచి శ్రీరాంపూర్ పోతున్నాం, మా బిడ్డ శ్రావణ్యకు వచ్చిన సంబంధం వాళ్లింటికి. బ్రిడ్జి మీద బండి ఉరుకుతున్నంతసేపు మెడకు చల్లగా తగిలింది. దాటి బొగ్గు లారీల వెనక ఆగామో లేదో, పొయ్యి ముందు కూర్చున్నట్టయింది. లారీలు కదిలాక మళ్లీ చల్లబడింది.

"బావా, ఉరికితె సల్లగొస్తుంది, ఆగితె వస్తలేదు" అన్నాను.

"గ్యాసు అయిపోయి ఉంటది. నీకెందుకే అయన్ని?"

ఇప్పటికి రెండుసార్లు గ్యాసు నింపించాడు. అయినా నాకెందుకు.

శ్రీరాంపూర్ వాళ్లింట్లో పిల్ల గురించి తక్కువ, నౌకరి గురించి ఎక్కువ మాట్లాడారు. గని పనిలో బావకు నడుము దెబ్బతింది. మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి ఇంట్లో ఒకరికి వస్తుంది. కాబోయే అల్లుడికే ఇప్పిస్తానని బావ మాటిచ్చేశాడు. శ్రావణ్య ఎలక్ట్రికల్ డిప్లొమా పాసై కూర్చుంది, ఆ నౌకరి తనకూ రావచ్చు. ఆ మాట నేను ఎత్తబోయేలోపే అత్తమ్మ అందుకుంది. "ఆడిపిల్లకు గనులెందుకు? అల్లుడు చేస్తె ఇంట్ల ఉన్నట్టె గదా!"

ఈ మాట నేను ఇదివరకు విన్నాను. ఇదే నోటి నుంచి.

మా బాపు ఎల్లేశం గని ఫ్యాను దగ్గర పనిచేసేవాడు. భూమి లోపలి చెడుగాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను అది. మా క్వార్టర్లు దానికి దగ్గర్లోనే ఉండేవి. రాత్రీ పగలూ దాని మోతే. తిరుగుతున్నంతసేపు అది ఎవరికీ వినిపించేది కాదు, ఆగితే మాత్రం అందరికీ వినిపించేది. నన్ను కన్న అవ్వ బియ్యం చెరుగుతున్న చాట పట్టుకుని అలాగే వాకిట్లోకి వచ్చేది. పక్కింటి ఆమె సబ్బు చేతులతో వచ్చేది. వరసంతా ఆడవాళ్లే, చెవులన్నీ గని వైపే. గని లోపల ఉన్నది వాళ్ల మొగుళ్లు, అన్నదమ్ములు. మళ్లీ మోత మొదలయ్యాకే లోపలికి పోయి పొయ్యిల మీద మాడినవి దించుకునేవాళ్లు.

నేను బాపుకు సద్ది తీసుకుపోయేదాన్ని. ఆయన నన్ను ఫ్యాను ఇంటి గోడకు చెవి ఆనించమనేవాడు. "ఇను బిడ్డా. బేరింగు అరిగితె గునుస్తది. బెల్టు జారితె కీసుమంటది. సూసుడు తర్వాత, ముందుగాల ఇనుడు నేర్వాలె." నేను సరిగ్గా చెబితే జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చేవాడు. దానికి గ్రీజు వాసన ఉండేది. ఆ వాసన ఇప్పుడు ఏ మెకానిక్ షెడ్డు ముందు తగిలినా నాకు నోరూరుతుంది, కళ్లూ నిండుతాయి. వంట కాకుండా ఇంకేదైనా నేర్చుకొమ్మని నన్ను ఒకరు అడిగిన రోజులు నా జీవితంలో అవే.

బాపుకు ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయినప్పుడు, ఆ ఫ్యాను దగ్గర డ్యూటీ నేను చేస్తానన్నాను. ఇల్లంతా నవ్వింది. "ఆడిపిల్లకు గనులెందుకు? నౌకరి మా కొమురెల్లి చేస్తడు, పిల్లను సుత చేసుకుంటడు. అంత ఇంట్లనే ఉంటది" అంది అత్తమ్మ. కొమురెల్లి అంటే బావే. అత్తమ్మ అప్పటికింకా నాకు మేనత్త. బాపు ఒక్కడే నవ్వలేదు, కానీ నా వైపు మాట్లాడనూ లేదు. అందరితోపాటు నేనూ అభ్యంతరం లేదని సంతకం పెట్టాను. ఆ నౌకరీ నేనూ ఒకే నెలలో బావ ఇంటికి చేరాం. నౌకరికి సెలవులుండేవి.

శ్రీరాంపూర్ నుంచి వచ్చిన సాయంత్రం నేను రొట్టెలు చేస్తుంటే శ్రావణ్య వచ్చి పక్కన నిలబడింది. "నాకు ఆ నౌకరి కావాలె అమ్మా. పెండ్లి సంగతి తర్వాత." రొట్టె మాడింది.

మర్నాడు బావా నేనూ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని వస్తూ మెకానిక్ వజీర్ షెడ్డు దగ్గర ఆగాం. "గ్యాసు నింపు వజీర్" అన్నాడు బావ. వజీర్ ఇంజను స్టార్ట్ చేయించి ఏసీ వేయించాడు. టక్కుమని కంప్రెసర్ అందుకుంది. దాని వెంట రావాల్సిన మోత రాలేదు. నాకు తెలియకుండానే దిగి, కూరల సంచి పట్టుకుని బానెట్ ముందుకొచ్చి నిలబడ్డాను. అవ్వ చాటతో వచ్చినట్టే.

"వజీరన్నా, ముందటి ఫ్యాను తిరుగుతలేదు. అందుకే ఆగితె సల్లదనం పోతుంది. ఉరికితె ఎదురుగాలి తాకుతది గదా, అందుకు మంచిగొస్తుంది."

"నువ్వు సప్పుడు చెయ్యకు. ఆయనకు తెల్వదా?" అన్నాడు బావ.

వజీర్ అప్పటికే వంగి చూస్తున్నాడు. ఫ్యూజు బాగానే ఉంది. బ్యాటరీ నుంచి ఫ్యానుకు నేరుగా తీగ కలిపాడు. ఫ్యాను ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మోటరు ఊడదీస్తే లోపలంతా బొగ్గు పొడి. కొత్త మోటరు బిగించి, ముందున్న ఏసీ జాలీని నీళ్లతో కడిగితే నల్లటి నీళ్లు నా చెప్పుల దాకా వచ్చాయి. మళ్లీ ఏసీ వేయగానే ఝుమ్మని మోత లేచింది.

"ఎల్లేశం కాక బిడ్డవు గదా దీపక్కా, ఆ చెవి యాడికి పోతది!" అని నవ్వాడు వజీర్.

బావ అప్పటికే ఫోనులో ఉన్నాడు, శ్రీరాంపూర్ వియ్యంకుడితో. "గ్యాసు కాదని నాకు ముందుగాల్నే అనుమానం బావగారూ. ఫ్యాను పోయిందని నేనే పట్టిన."

తిరిగి వస్తుంటే అత్తమ్మ లేదు కాబట్టి ముందు సీట్లో కూర్చున్నాను. గాలి నేరుగా మొహానికి తగులుతోంది.

"ఐతారం వాళ్లొస్తరు" అన్నాడు బావ. "నౌకరి అల్లునికే అని నువ్వు, శ్రావణ్య సంతకాలు పెట్టాలె. దానికి నువ్వే సమజ్ చెయ్యి."

"నేను పెట్ట బావా. అది సుత పెట్టదు."

"ఏమన్నవ్?"

"ఆ నౌకరి మా బాపుది. ఒకసారి నీకిచ్చిన. ఈసారి నా బిడ్డకిస్త."

బావ బండిని రోడ్డు పక్కకు లాగి, బ్రేకు తొక్కి ఆపాడు. స్టీరింగు పట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు, ఆ మాట నేను వెనక్కి తీసుకుంటానని. నేను ఇంకోసారి చెప్పాను, అదే మాట, అంతే మెల్లగా.

బండి ఆగే ఉంది. చల్లగాలి వస్తూనే ఉంది.