మేత పోయినోళ్ల జాబితా

తుపాను వెళ్లిన పన్నెండో రోజున ప్రభుత్వం పంపిన గడ్డి లారీ ఊళ్లోకి వచ్చింది. రత్నాలమ్మ ఒట్టి గంప పట్టుకుని దాని వెనక పరిగెత్తింది. లారీ నేరుగా పోయి నారాయణరావు కొబ్బరి గోదాము ముందు ఆగింది. నారాయణరావుకు ఇరవై ఎకరాల తోట ఉంది గానీ, కొట్టంలో ఒక్క దూడ కూడా లేదు.

"మాకేదీ బాబూ?" అంది రత్నాలమ్మ.

"పట్టా ఉన్నోళ్లకే వచ్చింది. నన్నడిగితే ఏటి సేత్తాను? ఆఫీసుకెళ్లు," అన్నాడు లారీ డ్రైవరు.

రత్నాలమ్మకు సెంటు భూమి లేదు. రెండు ఆవుల పాలతో ఇల్లు గడిచేది. ఊరి పశువులన్నీ సముద్రం ఒడ్డు బయల్లో మేసేవి. తుపానునాడు ఆ బయలంతా ఉప్పునీరు కమ్మింది. నీరు తీశాక పచ్చిక మాడిపోయింది. ఆకలికి ఆ గడ్డే తిన్న పెద్దావు పేడ నీళ్లలా పారుకుని చచ్చింది. మిగిలింది చూలు ఆవు. లేపితే తప్ప లేవడం లేదు.

సాయంత్రం బోరింగు దగ్గర ఊరు కూడింది. డిగ్రీ చదివే భవ్యశ్రీ మండలాఫీసు గోడ మీద అంటించిన 'మేత పోయినోళ్ల జాబితా'ను ఫోనులో ఫొటో తీసుకొచ్చి చదివింది. ఒక్కో పేరు వినబడగానే జనం అరిచారు: "ఆడికి పశువులేవి?" అలా పద్నాలుగు పేర్లు. పదిహేనోది పెంటయ్యది. అతనికి అరెకరం, రెండెద్దులు. పెంటయ్య తల దించుకున్నాడు.

"అర్జీ రాద్దారి," అన్నాడు చిన్నారావు.

"నీ అర్జీ ఎల్లీలోగా నా ఆవు పోతాది మావా. పశువుల్నే ఆఫీసుకి తోలుకుపోదాం. ఆల్ల కళ్లతో సూడనీ!" అంది రత్నాలమ్మ.

పక్కూరు మూలపేటలోనూ ఇదే బాధ. అక్కడి స్నేహితురాలికి భవ్యశ్రీ అప్పుడే ఫోను చేసి, పశువుల్ని తోలుకెళ్తున్నామని చెప్పింది.

తెల్లారాక అరవై పశువులు డొక్కలు ఎగరేసుకుంటూ సంతబొమ్మాళి మండలాఫీసు చేరాయి. అధికారి మెట్ల మీదికొచ్చి, రూలు ప్రకారం భూమి కాగితం ఉండాలన్నాడు.

"ఆ బయలికి పట్టా ఎవులికుంది బాబూ? మా ఆవులు ఇన్నాళ్లూ నారాయణరావు పట్టా మేసీసినాయేటి?" అంది రత్నాలమ్మ.

పోలీసులు లాఠీలతో దిగారు. జనం వెనక్కి తగ్గారు. సరిగ్గా అప్పుడే పెంటయ్య బండి తోలుకొచ్చి, గడ్డి మూటలు పశువుల ముందు కుమ్మరించాడు.

"ఇది నాకిచ్చిన గడ్డి. నా పేరు కొట్టీండి! ఈల్లందరి పేర్లూ రాసినాకే నాది రాయండి."

పశువులు గడ్డి మీద పడ్డాయి. రత్నాలమ్మ ఆవు మాత్రం మెట్ల పక్కన కూలబడింది. ఆమె పిడికెడు గడ్డి తీసి దాని నోట పెట్టింది. అది నమల్లేదు, ఊపిరి ఆగింది. కడుపులో దూడ ఒకసారి కదిలింది, తర్వాత అదీ ఆగిపోయింది.

రత్నాలమ్మ లేచింది. వెళ్లి ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పోలీసులు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి జీపులో పడేశారు. ఖాళీ అయిన చోట భవ్యశ్రీ కూర్చుంది. ఆమె పక్కన పెంటయ్య, ఆ వెనక చిన్నారావు.

"నెగకండొలే, ఆ గుమ్మం ఇడవకండి!" జీపులోంచి అరిచింది రత్నాలమ్మ. "నాను పోయినా ఫరవానేదు. మీరు నెగకండి!"

జీపు గేటు దాటింది. ఎదురుగా మూలపేట రోడ్డంతా దుమ్ము. ఆ దుమ్ములోంచి వందల పశువులు, వాటి వెనక కర్రలు పట్టుకున్న ఆడా మగా వస్తున్నారు. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ తప్పుకోలేదు. అతను ఇంజను ఆపేశాడు.