నుదుటి మీద మౌస్

మా ఆయన గిరిధరరావుకు ఇసిపింగో పక్కనున్న రసాయనాల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం ఇచ్చిన దేశం, నాకు మాత్రం పాస్‌పోర్టులో "ఉద్యోగం చేయరాదు" అని ముద్ర వేసి ఇచ్చింది. చదువుకోవచ్చట. ఎమ్మెస్సీ చదివిన మనిషిని ఊరికే కూర్చోబెట్టే బదులు, ఇంకాస్త చదివించి కూర్చోబెడదామని కాబోలు. అందుకని తొంభై ఏడులో, ఇంట్లో వంట ముగించి, మధ్యాహ్నం పూట టెక్నికల్ కాలేజీలో డిజిటల్ గ్రాఫిక్స్, మల్టీమీడియా డిజైన్ తొలిమెట్టు కోర్సులో చేరాను.

"మౌస్ పట్టుకోవడం నేర్చుకోడానికి కాలేజీ ఎందుకు శ్రీలేఖా?" అన్నారు మా ఆయన. ఆయన ఆఫీసులో కంప్యూటరు మీద ముసుగు తియ్యరు. ఆ ముసుగు మీద టీ కప్పు పెట్టుకుంటారు.

ఆ కాలేజీ, తెల్లవాళ్ల ప్రభుత్వం రంగును బట్టి మనుషుల్ని విడదీసిన పాత రోజుల్లో, ఇండియన్లకు మాత్రమే. ఇప్పుడు అందరిదీ. బోర్డు మీద పాత పేరుకు తెల్లరంగు కొట్టి కొత్త పేరు రాశారు గానీ, వాన పడితే చాలు, పాత అక్షరాలు కిందనుంచి తొంగిచూసేవి. కంప్యూటర్ల గదికి ఇనుపగేటు, గేటుకు తాళం. తాళంచెవి దగ్గరుంచుకున్న అధికారి "సంస్థలో సమూల పరివర్తన" మీద జరిగే వర్క్‌షాపుకి వెళ్లాడు. పరివర్తన పూర్తయ్యేదాకా మేం బల్లమీద అగ్గిపెట్టెలు అటూ ఇటూ జరుపుతూ మౌస్ అభ్యాసం చేశాం. నాకు బాగా వచ్చింది. డబుల్ క్లిక్ చేస్తే పుల్లలు కింద పడేవి, అంతే.

పాఠం చెప్పేది డీన్. అది పేరే, హోదా కాదు. కుర్రవాడు. జుట్టు వెనక్కి లాగి పిలక కట్టేవాడు. అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేసి వచ్చాడు గనక "క్లయింట్" అనకుండా మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. అప్పట్లో దేశంలో ప్రతి ఆఫీసూ పాత గుర్తు అవతల పారేసి కొత్తది గీయించుకుంటోంది. మాకూ మొదటి పని అదే ఇచ్చాడు: ఏదైనా సంస్థకు కొత్త గుర్తు వెయ్యండి అని. అందరం విడివిడిగా కూర్చుని, ఒకరిది ఒకరు చూడకుండా, ఒకే బొమ్మ వేశాం. కలిపిన రెండు చేతులు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. మేమూ ఉన్నామని చెప్పడానికి ఇండియన్లు కొందరు మధ్యలో మూడో చెయ్యి దూర్చారు. అది ఎవరి జేబులోకో పోతున్నట్టు వచ్చింది.

డీన్ కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఇవాళ్టినుంచి ఈ గదిలో చేతులు నిషేధం. ఉదయిస్తున్న సూర్యుడు కూడా," అన్నాడు.

కంప్యూటర్లు చాలక ఇద్దరికొకటి ఇచ్చారు. నా జంట థెల్మా. నలభై దాటిన మనిషి, చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. చవక చొక్కాలు ఓడల్లో వచ్చి పడుతున్నాయని అప్పటికే సగం పూటే పని ఇస్తున్నారు. క్రిస్మస్ సెలవులకు మూసిన గేటు మళ్లీ తెరుచుకోదని అక్కడ అందరికీ తెలుసు. బ్యానర్లు, బోర్డులు వేసే షాపొకటి కొత్తగా కంప్యూటర్ తెప్పించింది. కాలేజీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే కుర్చీ నీదే అన్నారట ఆ షాపువాళ్లు. కోర్సు తప్పితే నేను ఇంటికెళ్లి పప్పులో పోపు వేసుకుంటాను. థెల్మా తప్పితే పోపు వెయ్యడానికి పప్పుండదు.

థెల్మా వాళ్లు ఎప్పుడో చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్లు. ఇప్పుడు ఇంట్లో అంతా ఇంగ్లీషు, వాళ్ల సొంత ఇంగ్లీషు. తెలుగు మిగిలింది వంటింట్లో, తిట్లలో, అత్తగారిలో.

కోర్సు చివరి పరీక్ష ఇది: ఒక పాత ఫొటో బాగుచేసి తెరమీద చూపించాలి. మౌస్ కదిపితే బొమ్మలో ఏదో ఒకటి మారాలి. నిజమైన క్లయింట్ ఉండాలి. డీన్ స్వయంగా వచ్చి, ఆ క్లయింట్‌ను తృప్తేనా అని అడుగుతాడు. ఔనంటే పాస్. లేదంటే వచ్చే ఏడాది మళ్లీ అగ్గిపెట్టెలు. నేను మేం అద్దెకున్న ఇంటివాళ్ల కుక్క ఫొటో తీసుకున్నాను. కుక్క ఫిర్యాదు చెయ్యదు. థెల్మా అత్తగారి ఫొటో తీసుకుంది.

"యో, సిస్టర్ శ్రీ, మా అత్తకి ఎనభై నిండుతున్నాయి. మా పేటలోనే, సీ కౌ లేక్‌లో, మా చర్చి హాల్లోనే పార్టీ. పెద్ద తెరమీద వేద్దాం, మన్! సర్‌ప్రైజ్!" అంది.

థెల్మా అత్తగారు అంబీ అవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వీరా. డార్నల్‌లో చక్కెర మిల్లు దగ్గరుంటాడు, ఇంట్లో దీపం కొండెక్కనివ్వడు. చిన్నవాడు థెల్మా భర్త క్లారెన్స్. పుట్టినప్పుడు కిష్టసామి, బాప్తిస్మం తీసుకుని క్లారెన్సయ్యాడు. ఇప్పుడు చర్చిలో పెద్దమనిషి. నీళ్లలో ముంచితే పేరు కరిగిపోతుందా అన్నట్టు తల్లి మాత్రం ఇప్పటికీ కిష్టసామీ అనే పిలుస్తుంది.

ఫొటో స్టూడియోలో తీసింది. పాతికేళ్ల అంబీ, నేత చీరలో, కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుంది. నుదుట ఇంత పెద్ద బొట్టు.

బొట్టు చూడగానే క్లారెన్స్ కాలేజీకే వచ్చేశాడు. "థెల్, హాల్లో పాస్టర్ ముందు వరసలో కూర్చుంటాడు. ఆ చుక్క తెరమీద తలుపంత కనబడితే నేను మొహం ఎక్కడ పెట్టుకోను? తీసెయ్."

సాయంత్రం డార్నల్ నుంచి థెల్మాకు వీరా ఫోను. "మా నాన్న బతికుండగా తీసిన ఫొటో అది. అమ్మ నుదురు బోసిగా చూపిస్తారా? మా నాన్నని ముందే చంపేస్తారా? బొట్టు తీస్తే నేను రాను. నేను రాకపోతే బ్రియానీ రాదు."

హాలు తమ్ముడిది. బ్రియానీ అన్నగారిది. మధ్యలో థెల్మా సర్టిఫికెట్.

"ముందు తీసి చూద్దాం," అన్నాను. ఒకచోటి చర్మం తీసి ఇంకోచోట అతికించే పరికరం ఉంటుంది ఆ ప్రోగ్రాంలో. బుగ్గమీద నొక్కి, నుదుటిమీద రుద్దాలి. థెల్మా గురి తప్పి కంటిమీద నొక్కింది. రుద్దింది. అంబీ అవ్వకు నుదుటి మధ్య మూడో కన్ను తెరుచుకుంది.

"జీజస్!" అని థెల్మా కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "సిస్టర్, ఇది చుక్క కన్నా ఘోరం!"

"వీరాగారిక్కూడా ఇంత అవసరం లేదు," అన్నాను.

రెండు మధ్యాహ్నాలు కష్టపడ్డాక దారి దొరికింది. బొట్టు తీసేశాం, దాచిపెట్టాం. మామూలుగా నుదురు ఖాళీ. మౌస్ నుదుటిమీదికి తెస్తే బొట్టు వస్తుంది. పక్కకు జరిపితే పోతుంది. మౌస్ కదిపితే ఏదో మారాలన్న డీన్ షరతూ తీరింది. క్లారెన్స్ ఒప్పుకున్నాడు, మౌస్ దగ్గర తనే కూర్చుంటానన్నాడు. వీరా ఒప్పుకున్నాడు, తనూ అక్కడే కూర్చుంటానన్నాడు. దేశంలో పెద్ద పెద్ద పార్టీలే అలాంటి ఒప్పందాలు చేసుకుంటున్న రోజులు. మేమెంత.

అంతా అయ్యాక, ముఖం నల్లగా ఉందని థెల్మా వెలుతురు పెంచే గుర్తును కుడివైపు లాగింది. ఇంకాస్త, అన్నాను. ఇంకాస్త లాగింది. ఈ సంగతి మీద ఎవరూ కాలేజీకి రాలేదు, ఎవరూ ఫోను చెయ్యలేదు. క్లారెన్స్ చూసి "ఇప్పుడు మా అమ్మలా ఉంది," అన్నాడు. వీరాకు ఒక ప్రింటు పంపితే "అచ్చం లక్ష్మీదేవి," అన్నాడు. ఆ అన్నదమ్ములు ఏళ్ల తరవాత ఒకే మాట మీదికి వచ్చారని థెల్మా కళ్లు తుడుచుకుంది.

అంబీ అవ్వకు మాత్రం ఎవరూ చూపించలేదు. ఆవిడకు సర్‌ప్రైజు కదా.

శనివారం హాలు నిండిపోయింది. ఒకవైపు చర్చివాళ్లు, ఒకవైపు డార్నల్ నుంచి వచ్చినవాళ్లు, వెనకాల డేగిసాల్లో బ్రియానీ. డీన్ కాలేజీ కంప్యూటర్నీ, గోడమీద బొమ్మ పడే యంత్రాన్నీ తన బక్కీ ట్రక్కు వెనకాల పరుపులో చుట్టి తెచ్చాడు. నన్ను అంబీ అవ్వ పక్కన కూర్చోబెట్టారు, ఆవిడ మాట తెలిసినదాన్నని.

"ఏ ఊరు అమ్మీ?" అందావిడ.

"విజయనగరం దగ్గర, అవ్వా."

"హావ్! నీ తెలుగు పుస్తకంలో నడుస్తన్నట్టుందే. నేలమీదికి దిగవేటి?"

ప్రార్థన అయ్యాక దీపాలార్పారు. తెల్లటి గోడమీద యువతి అంబీ వెలిగింది. నుదురు ఖాళీ. చర్చివైపు నుంచి చప్పట్లు. మౌస్ మీద క్లారెన్స్ చెయ్యి. ఆ పక్కనే వీరా.

"తమ్ముడూ, జరుపు."

"అందరూ ముందు బాగా చూడనీ, అన్నా."

"చూశారు. జరుపు."

క్లారెన్స్ జరిపాడు. బొట్టు వచ్చింది. డార్నల్‌వైపు ఈలలు. క్లారెన్స్ వెంటనే పక్కకు లాగాడు. బొట్టు పోయింది. వీరా అతని చేతిమీద తన చెయ్యి వేశాడు. వచ్చింది. పోయింది. వచ్చింది. ఇటువైపు ఆమెన్, అటువైపు గోవింద. అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓట్లు వేసి మూడేళ్లే అయింది గనక, ఏ పక్షం గెలుస్తుందా అని చూడ్డం జనానికింకా సరదాగానే ఉంది. పాస్టర్ మాత్రం కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రో, ధ్యానమో తెలియలేదు. థెల్మా గోడకు ఆనుకుని నిలబడి పమిట కొంగు నలుపుతోంది.

డీన్ లేచాడు. "చాలు. క్లయింట్ ఎవరు?"

"నేను," అన్నాడు క్లారెన్స్.

"నేను," అన్నాడు వీరా.

"ఆ ముఖం ఎవరిదో వాళ్లు," అని డీన్ తిన్నగా అవ్వ ముందుకొచ్చి మోకాళ్లమీద కూర్చున్నాడు. "తృప్తేనా, అమ్మా?"

"ఏటంటన్నాడీ జుట్టోడు?" అని అవ్వ నావైపు తిరిగింది.

"ఆ బొమ్మ నచ్చిందా అని అడుగుతున్నాడు, అవ్వా."

అవ్వ గోడవైపు చాలాసేపు చూసింది. "ఎవుర్తది?"

"నువ్వే. వయసులో ఉన్నప్పుడు."

"నానా?" ముందుకు వంగింది. "బొట్టంటావా, నానెట్టుకున్నాను, నానే కడుక్కున్నాను. దాని తగువు ఈ ఎదవలకేటి? నా నలుపేటి సేసినారు?"

అవ్వ చేతికర్ర గోడవైపు చాపింది.

"పుట్టిన నలుపది. చెరుకులో ఎండకి ముదిరిన నలుపు. ఈళ్ల నాయన సూసి, కావాలని సేసుకున్నది ఆ నలుపునే. సున్నం కొట్టిన గోడనాగ సేసినారే నన్ను! ఇది నాను కాదు. ఈ పొటో నాకొద్దు."

డీన్ నావైపు చూస్తున్నాడు. గోడ దగ్గర్నుంచి థెల్మా చూస్తోంది. "వద్దు" అన్న మాట ఆమెకూ అర్థమైంది. అంతమాత్రం తెలుగు అత్తగారు రోజూ నేర్పుతూనే ఉంది. ఉన్నదున్నట్టు చెబితే థెల్మా కుర్చీ ఇంకొకరిది. లేనిది చెబితే అవ్వ ముఖం ఇంకొకరిది.

"క్లయింట్ ఒక చిన్న సవరణ కోరుతున్నారు," అన్నాను.

డీన్ ముఖం వికసించింది. సవరణ అడగని క్లయింట్‌ను అతనెప్పుడూ నమ్మలేదు. "తప్పకుండా. ఏమిటది?"

"ముఖం మీద వెలుతురు. థెల్మా చేస్తుంది. ఇక్కడే, ఇప్పుడే."

థెల్మా వచ్చి అన్నదమ్ములిద్దర్నీ మోచేత్తో తప్పించి కూర్చుంది. మౌస్ పట్టుకుంది. గుర్తును ఎడమవైపు కొంచెం లాగింది. గోడమీది పిల్ల చామనఛాయకు వచ్చింది.

"చాలు, థెల్," అన్నాడు క్లారెన్స్ గొంతు తగ్గించి. "ఇంక చాలు."

"హాల్లో వెలుతురు తక్కువ, మరదలా. బొత్తిగా కనబడదు," అన్నాడు వీరా.

"ఇంకా," అంది అవ్వ.

థెల్మా లాగింది.

"జనం చూస్తున్నారు, మన్!"

"ఇంకా. చెచ్చ, చెచ్చ!" అని అవ్వ కర్రతో నేలమీద కొట్టింది, చెరుకు తోటలో తొందరపెట్టినట్టు.

థెల్మా మొగుడివైపు చూడలేదు, బావగారివైపూ చూడలేదు. అత్తగారిని చూస్తూ, వేలు కాస్త కాస్తగా జరిపింది. గోడమీద బుగ్గ ఎముకలు తేలాయి. కళ్లలో తెలుపు మెరిసింది. ఇందాకటిదాకా లేని ఒక మొండితనం పెదవుల దగ్గర కనబడింది.

"ఆపు," అంది అవ్వ. రెండు చేతులూ కర్రమీద ఆనించి చూసింది. "ఆఁ. ఇదిగో, ఇది నాను."

హాల్లో ఎవరూ ఆమెన్ అనలేదు, గోవింద అనలేదు. డీన్ మళ్లీ అడిగాడు. "తృప్తేనా?"

"బావుందని సెప్పు ఆ జుట్టోడికి. కోడలికి పనొచ్చు."

అదీ చెప్పాను. డీన్ లేచి థెల్మా చెయ్యి పట్టుకుని ఊపాడు. "పాస్. వాదించకుండా, క్లయింట్ ముందే సవరించావు. నా కంపెనీలో కూడా ఎవరూ అలా చెయ్యలేదు." థెల్మా ముఖం చేతుల్లో దాచుకుంది. వెనకాల డేగిసాల మూతలు తీస్తున్న చప్పుడు. బొట్టు ఉందో లేదో ఎవరూ చూడలేదు.

అవ్వ ఇంకా గోడల్నే వెతుకుతోంది. చర్చి పెద్దల ఫొటోలు వరసగా తగిలించిన చోట ఆగింది. కోటు, టై వేసుకుని, గులాబీరంగు బుగ్గలతో క్లారెన్స్ నవ్వుతున్నాడు అక్కడ.

"కోడలా," అంది, "ఆ కిష్టసామి పొటో కూడా దింపి ఇందులో ఎక్కించి, అటే తిప్పమ్మా. తెల్లదొరనాగ ఉన్నాడు. ఆడు నా కడుపులోంచి వొచ్చినపుడు నాకన్నా నలుపు. మంత్రసాని దీపం దగ్గరెట్టి ఎతికింది."

అందరికన్నా ముందు వీరా నవ్వాడు.

"నువ్వు నవ్వకు. తరవాత నీదే."

"ఏమంటున్నారు క్లయింట్?" అని డీన్ నన్నడిగాడు.

ఇందాక సగం మింగేశాను. ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. బ్రియానీ దగ్గరున్నవాళ్లకు కూడా వినబడేట్టు చెప్పాను.