కాపలా బల్బు

రామకృష్ణ బండి దిగేసరికి తిరుపతయ్య ముందుపళ్లు రెండు ఊడిపోయి ఉన్నాయి. మోటారు గది పక్కన పాతిన రాతి స్తంభానికి అతన్ని చేతులు వెనక్కి విరిచి ఎద్దుల మోకుతో కట్టేశారు. కట్టేశారంటే పదిమందీ చేరి కాదు, ఒక్కడే. సొంత అన్న జంగయ్య. గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి, బస్సు కోసం ఎదురుచూసేవాడంత నింపాదిగా నిలబడి ఉన్నాడు. ఆ నింపాదే రామకృష్ణను భయపెట్టింది. అరిచేవాడైతే అరిచి అలసిపోతాడు. వీడు అలసిపోయేరకం కాదు.

తెలకపల్లిలో స్టార్టర్లు బాగుచేసే రామకృష్ణను దుకాణంలోంచి ఉన్నపళంగా లేపి తెచ్చింది జంగయ్య భార్య యాదమ్మ. దారి పొడుగునా వెనక సీటు మీద ఏడుస్తూ ఒక్కటే మాట.

"తమ్మీ, స్టాటర్ల మా మరిది చెయ్యి పెట్టలేదని నువ్వే తేల్చాలె. లేకుంటే మా ఆయన ఆ చెయ్యి నరుకుతా అంటుండు. మెకానిక్ చెప్తేనే ఇంటడంట."

అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు, ఒకటే మోటారు. తెల్లవారుజామున వచ్చే కరెంటు తమ్ముడి వంతు, మధ్యాహ్నం వచ్చేది అన్న వంతు. రెండు వేల ఆరు ఎండాకాలం మొదలవుతూనే అన్న వంతులో మోటారు మొండికేసింది. కాసేపు నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ దానంతటదే లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. తమ్ముడి వంతులో మాత్రం బుద్ధిగా నడుస్తుంది. తమ్ముడి మడి పచ్చగా ఉంది. పొట్టకొచ్చిన జంగయ్య వరి కళ్లముందే ఎండి తెల్లబడుతోంది. ఇంకేం కావాలి మనిషికి పిచ్చెక్కడానికి?

"జల్దీ చూడు," అన్నాడు జంగయ్య. "లోపల వీడు ఏం జేసిండో చెప్పు. మిగతాది నేను చూస్కుంట."

రామకృష్ణ స్టార్టర్ డబ్బా మూత తీశాడు. పైన రేకులు, లోపల కొలిమి. బోర్డు మీద మూడు కాళ్లతో నిలబడ్డ రెగ్యులేటర్ మీద వేలు పెట్టాడో లేదో, చుర్రుమని చర్మం కాలింది. చటుక్కున లాక్కున్నాడు. లోపలికొచ్చే కరెంటును కుదించి, మోటారును పట్టి ఉంచే రిలేకు సరిపడా ఇచ్చే చిన్న ముక్క అది. మరీ కాగిపోతే తనను తాను కాపాడుకోవడానికి పని మానేస్తుంది. అది మానితే రిలే వదిలేస్తుంది, మోటారు ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలు. ఆగడానికి కారణం దొరికింది. కాగడానికే దొరకలేదు.

మీటరు పెట్టి చూశాడు. వచ్చే కరెంటు సరిగ్గానే ఉంది. రిలే విప్పి చూశాడు, అదీ బాగానే ఉంది. సంచిలోంచి కొత్త రెగ్యులేటర్ తీసి అతికించి, మోటారు వేశాడు. ధారగా నీళ్లు పడ్డాయి. రామకృష్ణ ఊపిరి పీల్చుకునేలోగా కొత్తదీ కాగింది. మోటారు ఠక్కున ఆగింది.

జంగయ్య వెనక్కి తిరిగి గడ్డపార మొద్దు కొసతో తమ్ముడి పక్కటెముకల్లో పొడిచాడు. లోపల ఏదో పటుక్కుమంది. తిరుపతయ్య నోట్లోంచి నెత్తురు కలిసిన చొంగ కారింది.

"నాకేం తెల్వదన్నా," అన్నాడు తిరుపతయ్య. "మన అవ్వ మీద ఒట్టు."

"అవ్వను తియ్యకు," అని జంగయ్య మళ్లీ పొడిచాడు.

గట్టుమీద కూర్చున్న యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొత్తది పెట్టినా కాగిందంటే తప్పు దానిది కాదు, దానిచేత ఎవరో మోయలేని బరువు మోయిస్తున్నారు. రామకృష్ణ బోర్డును వెనక్కి తిప్పాడు. రిలే కాళ్ల దగ్గర రెండు సన్నటి వైర్లు మెలిపెట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి ఉన్నాయి. గోడ కంతలోంచి బయటికి, అక్కణ్నించి రేకుల మీదికి. చివర ట్రాక్టరు వెనక ఉండే ఎర్ర బల్బు, ఊరి వైపు మొహం పెట్టి ఉంది.

"ఈ బుగ్గ ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు.

"అన్ననే పెట్టిండు," అన్నాడు తిరుపతయ్య ముద్దగా. "కరెంటొచ్చింది తెలుస్తదని."

"కరెంటు కోసం కాదు," అన్నాడు జంగయ్య. "నేను లేనప్పుడు వీడు నా వంతుల దొంగతనంగ మోటరేస్తుండేమోనని. మిద్దె మీదికెళ్లి చూస్తే కనబడ్తది."

తిరుపతయ్య తలెత్తాడు. అంతసేపు తిన్న దెబ్బలకు రాని చూపొకటి అతని కళ్లలోకి వచ్చింది. రామకృష్ణ దాన్ని పట్టించుకోలేదు. అతనికి ఆ క్షణంలో కాపాడాల్సిన చెయ్యి తప్ప ఇంకేం తోచలేదు.

"జంగన్నా, మోటరు ఆపుతున్నది నీ బుగ్గనే. దాని బరువు గూడ ఈ చిన్న ముక్క మీదనే పడ్తున్నది. తెల్లారిగట్ల సల్లగుంటది గనుక తట్టుకుంటది. నీ వంతుకు ఎండ ఎక్కి, తట్టుకోలేక ఆగుతుంది."

గడ్డపార రామకృష్ణ చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. పెచ్చు ఊడి భుజం మీద పడింది.

"వాడు నీకెంత ఇచ్చిండ్రా?"

"నన్ను నమ్మకు," అన్నాడు రామకృష్ణ. "నీ వేలు పెట్టి నువ్వే చూడు."

జంగయ్య వేలు పెట్టాడు. కాలింది. రామకృష్ణ ఆ రెండు వైర్లూ కత్తిరించి, చల్లారనిచ్చి, మోటారు వేశాడు. నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఇంతకుముందు ఆగినంతసేపు దాటింది, దానికి రెట్టింపు దాటింది. మళ్లీ వేలు పెట్టమన్నాడు. ఈసారి జంగయ్య వేలు అక్కడే ఉండిపోయింది. గోరువెచ్చన, అంతే.

జంగయ్య గోడకు జారగిలి కూలబడి, నెత్తి బాదుకుంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి రామకృష్ణకు కొండంత బరువు దిగినట్టయింది, నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా కలిగింది. ఒక మనిషి చెయ్యి నిలబెట్టాడు మరి. వైర్లు చెక్కే కత్తి తీసి, వెళ్లి మోకు కోసేశాడు.

తిరుపతయ్య పైపు దగ్గరికి నడిచాడు. ధార కింద నోరు పుక్కిలించాడు. మొహం కడుక్కున్నాడు. తిరిగొస్తూ, కిందపడి ఉన్న గడ్డపార అందుకున్నాడు.

"తమ్మీ," అన్నాడు జంగయ్య. తలెత్తాడు గానీ చేతులు అడ్డం పెట్టలేదు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీద. రామకృష్ణ వెనక నుంచి నడుం పట్టుకుంటే ఒక్క విదిలింపుకు మడిలో పడ్డాడు. లేచేసరికి తిరుపతయ్య ఇంకా కొడుతూనే ఉన్నాడు. "నేను దొంగనా," అని ఒక్కో దెబ్బకూ అడుగుతున్నాడు. జవాబు చెప్పడానికి అక్కడ జంగయ్య లేడు. చెయ్యి సత్తువ అయిపోయాక తిరుపతయ్య గడ్డపార వదిలేసి, గట్టు వెంబడి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

యాదమ్మ వచ్చింది. మొగుడి తలను ఒళ్లోకి తీసుకుంది. తల అనడానికి పెద్దగా మిగల్లేదు. కోసిన మోకును చూసింది, రామకృష్ణ చేతిలో కత్తిని చూసింది.

"కట్లు ఎవరు కోసిండ్రు?"

"నేనే, అక్కా."

ఆమె అతన్ని తిట్టలేదు. కొంగుతో జంగయ్య మొహం తుడిచింది.

"నిన్ను తోల్కొచ్చింది నేనే," అంది.