గీకని కొక్కేలు

షెడ్డులో ఆమెకు మరిది ఒక్కడే. అయినా అందరూ వదినా అనే పిలుస్తారు. ఓనరు కూడా. చుట్టరికాలు కలపడంలో ఓనర్లను మించినవాళ్లు లేరు. జీతం పెంచమని అడిగిన రోజు మాత్రం ఆ చుట్టరికం ఏ సందులోకి దూరుతుందో, దీపం పెట్టి వెతికినా దొరకదు.

కారు సామాన్లకు పౌడర్ కోటింగ్ చేసే షెడ్డు అది. బ్రాకెట్లు, పెడల్ ప్లేట్లు, తలుపు కీళ్లు కడిగి, ఆరబెట్టి, కొక్కేలకు తగిలిస్తారు. పైన చైను తిరుగుతూ వాటిని బూత్‌లోకి లాక్కెళ్తుంది. అక్కడ గన్ పట్టుకుని రంగు పొడి కొట్టేవాడు మరిది. ఆ పొడి కరెంటు పట్టుకుని వస్తుంది. ఇనుముకు కొక్కెంలోంచి ఎర్త్ అందితేనే వచ్చి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో కాలి గట్టిపడుతుంది.

వదిన పని కొక్కేలు. పొడికి సామానేది, కొక్కెమేది అన్న తేడా ఏం తెలుసు? కొక్కేనికీ అంటుకుంటుంది, అదీ కాలుతుంది. అలా తిరిగి తిరిగి కొక్కెం మీద తొక్క కడుతుంది. తొక్క కట్టిన కొక్కెంలోంచి ఎర్త్ అందదు. అప్పుడు సామాను మూలలు బోసిగా మిగులుతాయి, పట్టని పొడి వెనక్కొచ్చి గన్ పట్టినవాడి మొహాన పడుతుంది. అందుకే పొద్దు వాలేసరికి కొక్కేలు దింపి, ఉలితో కొట్టి, ఆకురాయితో ఇనుము మెరిసేదాకా గీకాలి. ఇది షెడ్డులో అందరికీ తెలుసు. మీరూ గుర్తుపెట్టుకోండి, గొడవంతా దీని మీదే.

ఆర్డర్లు పెరిగాయి. ఓనరు ఒక సాయంత్రం వదిన పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఎంతసేపమ్మా ఈ గీకుడు? గీకితే కార్ల కంపెనీ డబ్బులిస్తుందా? తగిలిస్తే ఇస్తుంది."

"గీక్కపోతే పూత పట్టదు సార్."

"పట్టేలా కొట్టమను మీ మరిదిని. గన్ ఎందుకిచ్చాను, పెళ్లి ఊరేగింపులో పట్టుకోడానికా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓనరు జోకేస్తే నవ్వడం కూడా డ్యూటీయే. ఆమె చేతిలో ఉలి, ఆకురాయి తీసుకెళ్లి తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కొక్కేలు లావెక్కాయి. బొటనవేలంత అయ్యాయి. మరిది గన్ పవర్ పెంచాడు. అయినా పొడి పట్టదు. చేతికి చురుక్కు చురుక్కుమని షాక్. ఇంటికొచ్చి చెవుల్లోంచి నీలం పొడి తీసుకుంటూ విసుక్కునేవాడు.

"వదినా, నీ కొక్కేలు నా ప్రాణం తీస్తున్నాయి."

"నా ఉలి మీ సారు బీరువాలో ఉంది. పోయి అడుగు."

"నువ్వే అడగొచ్చుగా."

"అడిగా. నీ నోట్లో ఏముంది, బెల్లం ముక్కా?"

ఆ పని మరిదికి ఇప్పించింది వదినే. ఊరికే తిరుగుతున్నవాణ్ణి తీసుకెళ్లి, ఓనరు కాళ్లావేళ్లా పడి, ముందు కడిగే తొట్టి దగ్గర పెట్టించి, తర్వాత గన్ చేతికిప్పించింది. ఇంట్లో ఆమె మాటకు విలువ కూడా ఆమె సొంత జీతంతోనే వచ్చింది. మొగుడు అద్దె బండి నడుపుతాడు. బండి కదిలిన రోజు కూర ఉంటుంది, కదలని రోజు ఉండదు. ఆమె జీతం మాత్రం కదిలినా కదలకపోయినా వస్తుంది. ఆ ఉద్యోగం పోతే ఏం పోతుందో ఆమెకు బాగా తెలుసు.

ఒక లోడు వెనక్కొచ్చింది. బ్రాకెట్ల మూలల్లో తుప్పు. కంపెనీ నుంచి చెకింగ్ సారు మర్నాడు వస్తున్నాడన్నారు.

టీ దగ్గర అందరూ గుమిగూడారు. ఓవెన్ తాత అందరికంటే పాతకాపు. "ఒక్కడు చెబితే ఉద్యోగం పోతుంది. అందరం చెబితే షెడ్డు మూసుకోవాలి. మూసుకుంటాడా? మూసుకోడు. గీకొద్దన్నది ఆయనేనని అందరం ఒకే మాట చెబుదాం," అన్నాడు.

"మొదటి మాట నాది. మా వదిన కోసం నేను చెప్పకపోతే ఎవడు చెబుతాడు?" అన్నాడు మరిది. గొంతులో ఎంత ధాటి! టీ గ్లాసు పక్కనుంటే మనవాళ్లంతా వీరులే.

మర్నాడు చెకింగ్ సారు వచ్చాడు. చైను కింద నిలబడి ఒక కొక్కేన్ని గోటితో తట్టాడు. టక్‌మంది, ఇనుములా మోగలేదు. "ఇది కొక్కెమా, చెరుకు గడా?" అన్నాడు.

"ఈవిడ పని సార్," అన్నాడు ఓనరు.

"గీకొద్దన్నారు," అంది వదిన. "ఉలి లాక్కున్నారు. ఆ బీరువాలో ఉంది, తీయించి చూడండి."

ఓనరు నవ్వాడు. "మా వదిన సార్. కోపం ఎక్కువ." మరిది వైపు తిరిగాడు. "ఏరా, నీ ఇంటి మనిషే కదా, నువ్వే చెప్పు. ఆవిడ కొక్కేలు గీకుతోందా, లేదా?"

ప్రశ్న ఎంత తెలివిగా చెక్కాడో చూడండి. గీకొద్దన్నదెవరని అడగలేదు.

మరిది వదిన వైపు చూశాడు. చేతిలో గన్ వైపు చూశాడు.

"గీకట్లేదు సార్."

"ఎన్నాళ్లుగా?"

"చాలా రోజులుగా."

ఒక్కటీ అబద్ధం కాదు. అబద్ధమైతే నాలుక కాస్తయినా తడబడేది. నిజాన్ని సగానికి కోసి, ఓనరుకు పనికొచ్చే ముక్క ఓనరుకిచ్చాడు. ఓవెన్ తాతకు ఆ క్షణంలోనే ఓవెన్ తలుపు తుడవాల్సిన పని పడింది. మిగతావాళ్లు కుక్కిన పేనుల్లా నిలబడ్డారు.

"ఏం, మీ నోళ్లక్కూడా తొక్క కట్టిందా?" అంది వదిన.



చెకింగ్ సారు కారెక్కబోతుంటే ఆమె వెంటపడి వెళ్లింది. "సారూ, ఎవరి తప్పో మీకు నిజంగా తెలీదా?"

"తెలుసమ్మా. గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసింది." ఆయన గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "ఓనరు తప్పంటే ఈ షెడ్డుకు పని ఆపేయాలి. ఇంకో షెడ్డు వెతకాలి. అప్పటిదాకా కంపెనీలో కార్లు ఆగిపోతాయి. నీ తప్పంటే ఇవాళే తేలిపోతుంది."

"మరి నేను?"

"ఎక్కడో ఒకచోట పని దొరక్కపోదులే."

కారు వెళ్లిపోయింది. మనవాళ్లకో పిచ్చి నమ్మకం ఉంది: పైవాడికి తెలియకే ఈ అన్యాయం జరుగుతోందని, ఎవరో ఒకరు వెళ్లి చెవిన వేస్తే చాలని. చెవిన వేయక్కర్లేదు. వాడికి మనకంటే ముందే తెలుసు.

వదినను తీసేశారు. ఆ వెంటనే ఓనరు కొత్త కొక్కేలు కట్టలకు కట్టలు తెప్పించాడు. పచ్చి ఇనుము. పొడి తేనెటీగల్లా వచ్చి వాలింది. మూలమూలకూ పూత పట్టింది.

"చూశారా! మనిషి మారితే పనెలా మారిందో!" అన్నాడు ఓనరు.

అందరూ తలలూపారు. అది కూడా డ్యూటీ అనుకుందాం. కానీ ఓవెన్ తాత టీ దగ్గర, ఎవరూ అడక్కుండానే, "ఏమోరా, ఆవిడ పనితనం కూడా అంతంతమాత్రమేలే," అన్నాడు. అదీ నా కడుపు మండే సంగతి. భయపడి నోరు మూసుకున్నవాణ్ణి క్షమించొచ్చు. మూసుకున్నందుకు సాకు కావాలని, అన్యాయమైపోయినదాని మీద బురద చల్లేవాణ్ణి ఏం చేయాలి?

ఆ మాట పక్క షెడ్లకూ పాకింది. ఆమె పనడగడానికి వెళ్తే, "నువ్వేనా ఆ కొక్కేల వదినవి?" అని గేటు దగ్గరే ఆపారు.

"వేరు పడదాం. వాడికి అన్నం పెట్టడం నా వల్ల కాదు," అంది మొగుడితో.

"వేరు పడి ఏం తింటాం? ఇప్పుడీ ఇల్లు నడిచేది వాడి జీతం మీదేగా," అన్నాడతను. తిట్టలేదు. ఉన్నమాట అన్నాడు. ఆమె లేచి కంచం పెట్టింది.

మరిది తలెత్తకుండా నాలుగు ముద్దలు తిని, "ఓనరుతో మాట్లాడా వదినా. ఊడ్చే పనుందట. జీతం సగమేలే. కొన్నాళ్లు తల దించుకుంటే..." అన్నాడు.

"ఎవరి తల?"

"నేనేమన్నా అబద్ధం చెప్పానా? నువ్వే చెప్పు."

"లేదురా. అబద్ధం చెప్పుంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేశావు."

అయినా వెళ్లింది. వెళ్లకేం చేస్తుంది? చీపురు పట్టుకుని లోపలికి రాగానే ఓనరు షెడ్డంతా వినబడేలా, "రా వదినా, మన షెడ్డే అనుకో," అన్నాడు.

ఆమె బూత్ దగ్గర రాలిన పొడి ఊడుస్తోంది. కొత్త కొక్కేలకూ అప్పుడే తొక్క మొదలైంది. మరిది చెయ్యి చురుక్కుమని గన్ వదిలేశాడు. వేళ్లు నోట్లో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"వదినా, ఓనరు భోంచేయడానికి వెళ్లినప్పుడు వీటిని కాస్త గీకి పెడతావా? ఎవరికీ చెప్పన్లే."

ఆమె చీపురు ఆపలేదు.

"కాళ్లు తియ్యి, ఊడవాలి," అంది.